ఉత్తమ పురుష ఏకవచనం

దుబాసీ పనికి ఒకటే నియమం:
ఎవరు మాట్లాడితే వాళ్ళే "నేను".
"ఆమె అంటోంది" అనకూడదు,
"ఆయన ఉద్దేశం" అనకూడదు.
గొంతు అద్దెకిచ్చి మనిషి పక్కకి జరగాలి.

గెబెర్హాలో సముద్రపుగాలి కిటికీలు కొడుతున్న పొద్దున
కార్మిక వివాదాల కమిషన్, మూడో అంతస్తు, నాలుగో గది.
బల్లకి అటు లాండ్రీ కంపెనీ తరఫున టెర్‌బ్లాన్ష్,
రంగురంగుల చీటీలు అంటించిన ఫైలుతో.
ఇటు నోసఖేలే త్యాలీ,
పదకొండేళ్ళు ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టిన మనిషి,
ఒళ్ళో ఖాళీ సంచీని కూడా అంచులు కలిపి
నాలుగు మడతలు పెట్టుకుని కూర్చుంది.
మధ్యలో నేనూ, ఒక నీళ్ళ గ్లాసూ.

ముందు ఉత్తరం చదవమన్నారు కమిషనర్ జప్పీ.
ఆమెని పనిలోంచి తీసేసిన ఉత్తరం, ఇంగ్లీషులో.
అడుగున ఆమె సంతకం. సంతకం పైన అచ్చులో:
"నాకు చదివి వినిపించారు. అర్థమైంది."
డెబ్భై ఎనిమిది రోజుల తరవాత
ఆ ఉత్తరం మొదటిసారి ఖోసా భాషలో వినపడింది,
నా నోటంట.
"విధి నిర్వహణలో తొమ్మిది నిమిషాలు నిద్రించినందున
మేము నిన్ను తొలగిస్తున్నాము."
చేరిన రోజున "మన కంపెనీ" అన్నారట.
ఎప్పుడు "మా" అయిందో
ఏ రంగు చీటీ కిందా కాగితం లేదు.

తరవాత టెర్‌బ్లాన్ష్‌నయ్యాను. వీడియో చూపించాను.
"చూడండి, తిరగేసిన క్రేటు మీద, వీపు ఇటు, తల కిందికి.
రాత్రి రెండూ పదకొండు నుంచి రెండూ ఇరవై దాకా.
మూడు వందల మంది పనిచేస్తారు మా దగ్గర,
ఒకరి కునుకు ఒప్పుకుంటే మిగతావాళ్ళ సంగతి?
విచారణా? వీడియో ఉండగా విచారణెందుకు?"
ఆయన మర్యాదస్తుడు. మర్యాదగానే చెప్పాను.
ఆయన దగ్గిన చోట మాత్రం దగ్గలేదు.

తరవాత ఆమెనయ్యాను.

"నిద్రపోలేదు.
ఇస్త్రీ రోలరు మణికట్టు పట్టుకుంది.
చెయ్యి కాలాక పట్టుకోవడానికి ఆకులా? బకెట్టుంది.
ముంచుకుని కూర్చున్నాను.
కెమెరాకి నా వీపే తెలుసు."

మరి ఎందుకు చెప్పలేదని ఆయన అడిగాడు,
అంటే నేనే అడిగాను,
నేనే జవాబు చెప్పుకున్నాను.

"గోడకి బోర్డుంటుంది, ప్రమాదం జరగని రోజులు.
ఆ రాత్రికి రెండు వందల పన్నెండు.
రెండు వందల నలభై నిండితే షిఫ్టు మొత్తానికి బోనసు.
పుస్తకంలో రాయిస్తే మళ్ళీ సున్నా.
ఓర్చుకోవే, బళ్ళు తెరిచే నెల వస్తోంది, అంది సూపర్‌వైజరు.
ఓర్చుకున్నాను.
బోనసు వచ్చింది.
వాళ్ళకి."

చెయ్యి చూపించమన్నారు కమిషనర్.
చొక్కా చేతిగుండీ విప్పుకుంది.
రోలరు అంచంత తిన్నగా, గులాబీ రంగులో మెరుస్తూ ఒక గీత.
దానికి నా అవసరం పడలేదు.
గదిలో అందరూ ఒకేసారి చదివారు.
టెర్‌బ్లాన్ష్ ఫైల్లో వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు.

తీసేసినవాళ్ళే తీసెయ్యడం న్యాయమని రుజువు చెయ్యాలి,
చట్టంలో ఆ మాట ఉంది.
తీర్పు పద్నాలుగు రోజుల్లో పంపుతామన్నారు.

నా చీటీ మీద గుమాస్తా రాశాడు: రెండు గంటల నలభై నిమిషాలు.
నాది పిలిస్తే పని.
నన్ను తీసెయ్యడానికి ఉత్తరం కూడా అక్కర్లేదు,
ఫోను చెయ్యకపోతే చాలు.

కింద టాక్సీ కోసం నిలబడి,
గాలికెగిరే తలగుడ్డని మంచి చేత్తో పట్టుకుని
అడిగింది: "నేను బాగా చెప్పానా?"
దుబాసీలు పక్షం వహించరాదు.
అలాంటివాటికి జవాబివ్వకూడదు.
అదీకాక, సరిగ్గా ఆ ప్రశ్నే
ఆమెని అడుగుదామని
మెట్లు దిగి వచ్చాను.