పై వరస కుండీ

కోర్దోబాలో జులై.
మధ్యాహ్నం మూడింటికి గోడ మీద చెయ్యి పెడితే
పెనం మీద పెట్టినట్టే.
రెమెదియోస్ కిటికీ రెక్కలు మూసేసి
మొక్కల నిద్ర కూడా తనే పోతుంది.

తొమ్మిది దాటి, ఎండ పక్కింటి పెంకుల మీదికి జారాక
మూలనున్న రెల్లు గెడ తీస్తుంది.
దాని కొసన టొమాటో డబ్బా, ఇనప తీగతో బిగించింది.
బావి నీళ్ళు ముంచి, మెల్లగా ఎత్తి,
సున్నం గోడ నిండా వేలాడే నీలం కుండీల్లో
ఒక్కోదాని గొంతు తడుపుతుంది.
"మధ్యాహ్నం వాలిన ఆకు మాట నమ్మకు, సెలెస్తీనో,
సాయంత్రానికి అదే లేస్తుంది. మట్టినడుగు."

ఆమె భుజం పట్టేసిన ఏడు గెడ నా చేతికొచ్చింది.
మొదటి వారం సగం నీళ్ళు నా నెత్తిమీదే.
కళ్ళతో కాదు, చెవితో పొయ్యమంది:
ఎండిన మట్టి ఇస్సుమంటుంది,
దాహం తీరాక మూగబోతుంది.

ఎనభై మూడు కుండీలు.
అన్నిటికన్నా పైన, చూరు కిందది మాత్రం
ఎంత పోసినా ఇస్సుమంటూనే ఉండేది.
ఆగస్టులో నిచ్చెనేసి చూశాను.
జెరేనియం లేదు. పుల్లయినా లేదు.
బీటలిచ్చిన మట్టి, ఓ పిచ్చుక ఈక.

దిగొచ్చి చెప్పాను.
"అది పోయి రెండేళ్ళయింది," అంది,
వాడిన పూలు గిల్లుతూ.
"దాని అడుగు చిల్లు కిందకి చూడు."

గోడ పగుల్లో
ఎవరూ నాటని ఫెర్న్, అరచేతి వెడల్పు,
ఇంకా తడిగా.

ఆ రాత్రి అక్కడ రెండు డబ్బాలు పోశాను.
ఒకటి ఎక్కువైంది, చొక్కా తడిసింది.
ఆమె ఏమీ అనలేదు.