దూదిపుల్ల

రంభ రేవులో తెల్లారి మూడున్నర.
మైలపల్లి దానయ్య గెడ వేస్తాడు,
నేను ఐసు డబ్బా మూత మీద మోచెయ్యి ఆనించి కూర్చుంటాను.
చిలికా ఇంకా నలుపే.
ఎక్కడో నీళ్ళ మీద వేల గొంతులు,
సంత విడిచే ముందు బేరాల్లా.

వలల్లో ఏడు పడ్డాయి ఇవాళ.
నాలుగు సూదితోకలు, రెండు ఉల్లంకులు, ఒక జక్కవ.
సంచీలో వేసి తూస్తాను, రెక్క కొలుస్తాను,
కాలికి అంకెల కడియం తొడుగుతాను,
ముక్కు విప్పి గొంతులో దూదిపుల్ల తిప్పుతాను.
రెండో పుల్ల ఎక్కడ తిప్పుతానో చెప్పను.
"సిగ్గు నేదేటమ్మా నీకు?" అంటాడు దానయ్య
ఏటా పుష్యంలో ఇదే మాట.

పద్యాల్లో ఈ పక్షి రాత్రంతా
అవతలి ఒడ్డుకేసి చూసి ఏడుస్తుందని చదువుకున్నాను.
నా చేతుల్లో ఏడవలేదు.
గుండె మాత్రం వేళ్ళకి తగిలింది,
లెక్క తప్పేంత తొందరగా.
తొడుగు మీద రెట్ట వేసింది, వెచ్చగా.

దానయ్య వలసపిట్టల్ని ఒడియాలో లెక్కపెడతాడు,
ఇంటి కోళ్ళని తెలుగులో.
ఆ రెండో లెక్క
రెండేళ్ళ కిందట ఆగింది.
తెల్ల సూట్లవాళ్ళొచ్చి
గుర్రమ్మ పెంచిన పదకొండు పెట్టల్నీ ఒక పుంజునీ
సున్నం చల్లిన గోతిలో వేశారు.
పరిహారం కాగితంలో పుంజు లేదు.
"డబ్బు పోతే పోనీ,
అదొకటుండీదని రాయాల గదా" అంటుందట గుర్రమ్మ.

ఇవాళ గెడ ఆపి అడిగాడు:
"నిజం సెప్పమ్మా.
రోగం ఈ పిట్ట తెచ్చినాదా,
బరంపురం నించి కోడిపిల్లల లారీ తెచ్చినాదా?"

నా దగ్గర పటాలున్నాయి.
ఉత్తరం నుంచి దక్షిణానికి
బాణం గీయడం తేలిక.
లారీకి కడియం తొడిగినవాళ్ళు లేరు.
"తెలీదు" అన్నాను.
అతను తలాడించి గెడ ముంచాడు.

జక్కవని వదిలాను.
కాళ్ళతో నీళ్ళు తన్ని లేచింది.
వెనక్కి చూడలేదు, ఎందుకు చూస్తుంది.

ఫలితం చైత్రంలో వచ్చింది,
మూడు వరసల కాగితం: వైరస్ లేదు.
అప్పటికి రంభలో
పక్షి వదిలేసిన నీళ్ళే మిగిలాయి.
ఇచ్ఛాపురం నుంచి ఫోన్ చేసి చెప్పాను.
అవతల గాలి, వల దులిపిన చప్పుడు,
గుర్రమ్మ ఎవరినో అదిలిస్తోంది: హుష్, హుష్.
కోళ్ళు మళ్ళీ కొన్నారా అని
అడగబోయి ఆగాను.

"మంచిదేనమ్మా" అన్నాడు దానయ్య.
కాసేపాగి,
"దానికెవరు సెప్తారు మరి?"