వాసన గడి

జ్వరం తగ్గింది గానీ
అనిసే ముక్కు మాత్రం తిరిగి రాలేదు.
ముప్పై ఒక్క ఏళ్లు సహకార సంఘం నేలమాళిగలో
ఏ తొట్టిలో ఏముందో మూత తీస్తూనే చెప్పినవాడు
మొన్న పాలు మాడిపోతుంటే
పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నాడు.

ఫిబ్రవరి. సెవ్ర్ నది పొర్లి
ద్రాక్ష మోళ్లు మోకాటి లోతు నీళ్లలో నిలబడ్డ నెల.
చలికాలమంతా మడ్డి మీద పడుకున్న ముస్కాదే
సీసాల్లోకి ఎక్కాల్సిన వేళ.
పన్నెండు నమూనాలు పంపారు, ఒక కాగితం కూడా:
రంగు, వాసన, రుచి, దేనితో తినాలి.
సీసా ఆరు యూరోలు దాటకూడదు.
అది అందరికీ తెలిసిందే, దానికి గడి లేదు.

"రెండో గడి నువ్వు నింపు" అన్నాడు.
నేనా!
గెరాండ్ ఉప్పుమళ్లలో పుట్టినదాన్ని,
నాన్న పార లాగుతుంటే వెనకే బుట్ట మోసినదాన్ని.
పెళ్లయిన నాటి నుంచి ఆయన గ్లాసు తిప్పి
తెల్లపూలనీ బేరిపండనీ చెకుముకిరాయనీ అంటుంటే
ఔనౌనని తలూపి, లోపల్లోపల
చేపకు ఉప్పు చాలిందా అని లెక్కేసుకున్నదాన్ని.

మొదటి గ్లాసులో ముక్కు పెట్టాను.
"ఏముంది?"
"వైను వాసన."
"ఇంకా?"
కళ్లు మూసుకున్నాను. ఎవరో చూస్తున్నట్టు సిగ్గేసింది.
"వాన వెలిశాక సున్నం గోడ.
నిమ్మతొక్క గీరాక గోళ్లలో మిగిలేది."
ఉన్నదున్నట్టు రాయమన్నాడు.

రెండోది తడిగుడ్డ. పక్కన పెట్టాం.
ఐదోది తెల్లారుజామున బేకరీ వెనక తలుపు.
"అది మడ్డి చేసిన మేలు" అన్నాడు,
నవ్వాడు కూడా, చాలా రోజులకి.

నాలుక ఆయన వంతు.
జివ్వుమని దవడల కింద నీళ్లూరితే
ఎంతసేపు ఊరాయో వేళ్లమీద లెక్కపెట్టాడు.
చివర్లో వగరు, పచ్చి బాదం పొట్టంత.
సన్నని గాలిబుడగ ఒకటి నాలుక కొసన ముల్లులా.
అవన్నీ ఉన్నాయి. ఎక్కడికీ పోలేదు.

ఆల్చిప్పలు తెరిచాను, డజను.
చాకు జారి బొటనవేలు తెగింది, అది వేరే కథ.
చల్లగా, జారుడుగా, ఉప్పుగా ఒకటి మింగి
వెనకే ఏడో గ్లాసు గుక్కెడు.
"ఇదిగో, ఆటు" అన్నాడు.
"పోటు తెచ్చి పడేసిందంతా ఊడ్చుకుపోయింది."
సార్డీను నూనెకి మూడోది తట్టుకుంది.
మేకపాల జున్ను ముందు పదోది తేలిపోయింది,
నీళ్లలా, పాపం.

తొమ్మిదో దగ్గర నేను చాలాసేపు ఆగాను.
"చెప్పు."
"ఉప్పు."
"అది రుచి. వాసన చెప్పు."
"ఉప్పు వాసనే. ఆగస్టు సాయంత్రం
మడి మీద మీగడలా తేలుతుంది చూడు,
అప్పుడు ఊదాపూల వాసనేస్తుంది. ఒక్క గంటే."
గ్లాసు కింద పెట్టాడు.
"ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదే?"
"మాట్లాడే వంతు నీది."

రెండో వారంలో సంఘం నుంచి లుదివిన్ ఫోన్ చేసింది.
బేకరీ తలుపు మీద ఎవరికీ పేచీ లేదట.
తొమ్మిదో నంబరుకి మాత్రం
దేనితో తినాలో రాయలేదట.
ఆయన ఫోన్ పట్టుకుని నా వైపు తిరిగాడు.
నేను పొయ్యి దగ్గర ఉన్నాను.
చేతిలో ఏముందో చూసి చెప్పాడు:
"ఉడికించిన బంగాళాదుంపలు. ఉప్పు వెన్న.
తొక్కలు తీయొద్దని రాసుకో."