దగ్గు లేని మనిషి

గ్రిమ్స్‌బీలో ముసురు పట్టిందంటే
చేపల వాసన రేవు దాటి ఊళ్ళోకొస్తుంది.
ఆ వాసనతోనే లోపలికొచ్చాడాయన,
షాపు మూసే వేళకి.
బస్సు డ్రైవరు కోటు, జేబుల్లో రెండు చేతులూ.
దగ్గు మందుల అర దగ్గర చాలాసేపు తచ్చాడాడు
దగ్గు లేకుండానే.

కౌంటర్లో కుర్రాడు వెనక్కి వెళ్ళాక
నా ముందుకొచ్చి ఇంగ్లీషులో నీళ్ళు నమిలాడు:
"ఆ... నీలం మాత్ర."

నా బ్యాడ్జీ మీద మిన్నీ అని ఉంటుంది.
మృణాళిని అనే తీరిక ఇక్కడ ఎవరికీ లేదు.
ఆయనా ఫారమ్ మీద రావు అని మాత్రం రాసి
ఇంటిపేరుని కోటు లోపలే దాచుకున్నాడు.
"వన్ టాబ్లెట్ మీన్స్ ఓన్లీ వన్?" అని అడిగి
చివర రాబోయిన అండీని మింగేశాడు.
నేను విననట్టే ఊరుకున్నాను.

అగ్గిపెట్టెంత గది, ఫ్లూ టీకా పోస్టరు, రెండు కుర్చీలు.
ఇద్దరు తెలుగువాళ్ళం
ఒకరి భాష ఒకరికి రానట్టు కూర్చున్నాం.
ఇంగ్లీషు ఒక్కోసారి మంచి తెర.

చెప్పాల్సినవి చెప్పుకుపోయాను.
రోజుకి ఒకటే. పని చెయ్యలేదని రెండోది ముట్టద్దు.
గంట ముందు వేసుకోండి.
కడుపు నిండా బిర్యానీ తిని వేసుకుంటే
మాత్ర కూడా బస్టాపులో నిలబడిపోతుంది.
(మొదటిసారి నవ్వాడు.)
తల పగలొచ్చు, ముక్కు దిబ్బడెయ్యొచ్చు,
మొహం కందగడ్డవుతుంది, అది సిగ్గు కాదు,
నెత్తురు దారులు వెడల్పవడం.
కొందరికి లోకం అంచున నీలం కనిపిస్తుంది,
అలా అయితే ఆ పూట స్టీరింగు పట్టద్దు.
చూపు ఉన్నట్టుండి మసకబారినా,
లేచింది నాలుగు గంటలైనా దిగకపోయినా,
పరువు చూసుకోకండి, ఆసుపత్రికి పొండి.
ఇంకోటి, ఇది కోరిక పుట్టించదు,
రోడ్డు వేస్తుంది అంతే. బండి మీ ఇద్దరిదీ.

రూటు నంబర్లు బట్టీ పడుతున్నట్టు తలూపుతున్నాడు.
ఛాతీ నొప్పికి ఏమన్నా వాడతారా?
"నో," అన్నాడు. జేబులో చెయ్యి ఆగింది.
"చిన్న స్ప్రే. నాలుక కింద. మెట్లెక్కితేనే, ఎప్పుడో."

"వద్దండీ!"

నా నోట్లోంచి ఊడిపడింది.
తెర చిరిగింది, ఇక కుట్టి లాభం లేదు.
"ఈ మాత్రా ఆ స్ప్రే కలిశాయంటే
బీపీ పాతాళానికి జారుతుంది,
పడ్డ మనిషి లేవకపోవచ్చు. మీకు నేనివ్వను."

ఆయన బూట్ల వంక చూస్తూ
"మాది పాలకొండమ్మా," అన్నాడు, నేనడక్కుండానే.
తర్వాత రెండో జేబు తెరిచాడు:
శుక్రవారం సంతలో ఎవడో అంటగట్టిన కవరు,
పేరు లేదు, తారీఖు లేదు, పదిలో తొమ్మిదున్నాయి.
"శనివారం రాత్రి ఒకటి.
కళ్ళు తిరిగి స్నానాలగదిలో కూలబడ్డాను.
వయసనుకున్నా.
మా సుగుణ తలుపు కొడుతూనే ఉంది."

ఆ రాత్రి నొప్పొచ్చి స్ప్రే కొట్టుకుని ఉంటే?
అడగలేదు. ఆయనే లెక్కేసుకుంటున్నాడు, పెదాలు కదిలాయి.

తొమ్మిదింటినీ పారేసే డబ్బాలో వేశాను.
డాక్టరుకి ఉత్తరం రాశాను: గుండె చూడండి ముందు,
కింద మొదలైన తంటా ఒక్కోసారి
పైనుంచి వచ్చిన కబురు.
వేరే దారులున్నాయి, ఆయన చెప్తారు,
ఆయనకి మాత్రం స్ప్రే సంగతి దాచకండి.

లేచాడు. తలుపు దగ్గర ఆగాడు.
"సుగుణకి ఏం చెప్పనమ్మా?"

నా ఫారమ్‌లో ఆ ప్రశ్నకి గడి లేదు.
"స్నానాలగదిలో ఏమైందో చెప్పండి, అక్కణ్ణుంచి మొదలెట్టండి."

వెళ్తూ వెళ్తూ దగ్గు మందు సీసా ఒకటి కొన్నాడు,
ఊరికే వచ్చి ఊరికే పోయాడని
కౌంటర్లో కుర్రాడు అనుకోకుండా.
లేబుల్ నేను రెండుసార్లు చదివి ఇచ్చాను.