ఆరు గజాల మాట

పంతొమ్మిదో తేదీకే అయిపాయ.
ఇంకా కరెంటు బిల్లు గూడా రాలే.
పల్లూ నెమలి పంచింగు షాపుకు పోతా పోతా
మెడ కాడ నిలిచిపాయ.
తెర మీద సున్న తిరుగుతాంది, తిరుగుతానే ఉంది.
మా అవ్వ రాట్నం ఇంతసేపు తిరిగింటే
పది కండెలు నిండేవి.

స్తంభమెక్కిన ఖాజాపీరాను అడిగితి:
"అన్‌లిమిటెడ్ అంటివి గదప్పా?"
"అన్‌లిమిటెడ్డేక్కా. జీబీలు దాటితే
స్పీడు మాత్రం తగ్గుతాది.
ఇంకో మున్నూరు కట్టు, ఉరుకుతాది."

ధర్మవరంలో ఈ లెక్క ఎవరికి చెప్పల్ల?
ఆరు గజాలని మాటిచ్చి
నాలుగో గజం కాడ్నుంచి పోగులు తగ్గించి
దోమతెర మాదిరి నేసిచ్చి,
"చీర చీరేనప్పా, చిక్కదనం కావాలంటే
ఇంకో మున్నూరు" అంటే
షావుకారు మళ్లా వార్పు ఇస్తాడా?

రేత్రి పన్నెండు దాటితే బాగుంటాదంట.
మున్సిపాలిటీ నీళ్లకు లేసేది చాలక
దీనికీ లేయల్లనా?

నెమలిని పెన్‌డ్రైవులో ఏసి
కొంగున ముడేసుకొని
కాశప్ప షాపుకు నడిసి పోతాండా.
రెండు వీధులే.
ఎండ మాత్రం
ఏ లిమిటూ లేకుండా కాస్తాంది.