గడియారాల కింద

నా పేరుకి అర్థం "ఇక ఆపు".
నలుగురు ఆడపిల్లల మీద ఐదోదాన్ని పుట్టానని
మా నాన్న విసుగ్గా పెట్టిన పేరు, స్తమాతియా.
దేవుడికి వినపడలేదేమో, ఆరోది కూడా ఆడపిల్లే.
అలాంటి పేరు పెట్టుకుని, ఓడ దిగి
ఎవరూ ఆగని ఈ చోటికొచ్చి పడ్డాను:
మెల్‌బోర్న్, ఫ్లిండర్స్ వీధి స్టేషన్.

ఇక్కడ ఒకప్పుడు చేపల సంత ఉండేదట.
వాన పడ్డ రోజున మెట్ల మీద నిలబడితే
ఆ నీచువాసన ఇప్పటికీ నాకు తగుల్తుంది.
"అది నది వాసనే పిచ్చిదానా" అంటాడు మా ఆయన.

అప్పట్లో గడియారాలు వాటంతటవి తిరిగేవి కావు.
ఒక్కో లైనుకీ ఒక్కో గడియారం, తర్వాతి రైలు వేళ చూపిస్తూ.
ట్రెంబాత్ అని ఒకాయన
మా ఊళ్లో ఆలివ్‌కాయలు రాల్చే దోటి లాంటి కర్రతో
ముల్లుని పొడిచి ముందుకు తోసేవాడు.
లిలీడేల్. ఫ్రాంక్‌స్టన్. శాండ్రింగ్‌హామ్. మళ్లీ లిలీడేల్.
కాలం పైనుంచి దిగిరాదని,
కింద ఎవడో మెడ పట్టేసినవాడు తోస్తేనే కదుల్తుందని
ఇరవై రెండేళ్లకే తెలిసిపోయింది నాకు.

ఇంగ్లీషు రాదు. అంకెలొచ్చు.
మేజోళ్ల ఫ్యాక్టరీ నుంచి కాళ్లీడ్చుకుంటూ వచ్చి
ఆ కర్ర కొస చూసి నా రైలు పట్టుకునేదాన్ని.

ఆరింటికల్లా బార్లు మూసెయ్యాలని చట్టం ఆ రోజుల్లో.
చివరి అరగంటలో గటగటా తాగేసి
సగం ఊరు తూలుతూ ప్లాట్‌ఫారాల మీదికొచ్చేది.
ఓ సాయంత్రం ఒకడు ట్రెంబాత్ కర్ర లాక్కుని
అన్ని ముళ్లూ పన్నెండుకి తిప్పేసి
"ఇక చాలు, ఆపండి!" అని అరిచాడు.
నన్నే పిలిచాడనుకుని తిరిగి చూశాను.
ట్రెంబాత్ ఏమీ అనలేదు. కర్ర తీసుకుని
ఒక్కొక్కటే, కాగితం చూడకుండా, సరిచేశాడు.
నా రైలు వెళ్లిపోయింది. చూస్తూనే ఉండిపోయాను.

తర్వాతెప్పుడో, తెరలు పెడతాం, గడియారాలు దించేస్తాం అన్నారు.
ఊరు భగ్గుమంది.
రైలు వేళ ఎలా తెలుస్తుందని కాదు,
మరి మేమెక్కడ కలుసుకోవాలి అని!
డబ్బాఫోన్లో నాణెం వేసి నేనూ అడిగాను,
నాకొచ్చిన నాలుగు ముక్కల్లో.
గడియారాలు ఉండిపోయాయి. కర్ర మాత్రం మళ్లీ కనపడలేదు.

ఇప్పటి పిల్లలు తల ఎత్తరు.
"గడియారాల కింద ఉన్నా" అని ఫోన్లో చెప్తారు, అంతే.
నేను ఎత్తుతాను. ముల్లు గెంతినప్పుడల్లా
నా మెడ ఎక్కడో కలుక్కుమంటుంది.

ఆరోదాని మనవరాలు నాలుగింటికి వస్తానంది.
నాలుగున్నర కావస్తోంది.
చలి. నా ఒళ్లోని చిప్స్ పొట్లం కేసి
ఒంటికాలి మీద నిలబడి చూస్తోందొక సముద్రపక్షి.
ఇంకో లిలీడేల్ వెళ్లనీ, చూద్దాం.