అరమార్కు

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో
స్ప్రింగుల కొట్టు పైన, రేకుల గదిలో
ముగ్గురు పిల్లలు కార్లు చేస్తారు.
ఇనుము లేదు, వెల్డింగు లేదు, వేలు తెగడం లేదు.
కంప్యూటరు ఆటలో
బోరెంతో స్ట్రోకెంతో వాళ్లే పెట్టుకుంటారు,
ఏ సంవత్సరంలో పుట్టాలో కూడా
ఆ బండికి వాళ్లే చెబుతారు.

చేశాక నాకు చూపిస్తారు, మార్కులెయ్యమని.
నేను సీట్లు కుట్టే జైనాబీని.
ముప్పై నాలుగేళ్లుగా రెక్సిను, ఫోము, పద్దెనిమిదో నంబరు సూది.
బండి ముందునుంచి ఎలా ఉండాలో నాకంత తెలీదు.
ఏ బండయినా నా దగ్గరికి
బట్టలిప్పుకునే వచ్చింది.

హనోకు బండి పేరు గరుడాస్త్రం.
రెండొందల ఎనభై దాటి పోతుందిట.
"ఎక్కడికి పోతుంది నాయనా,
బెంజి సర్కిల్లో ఎర్రలైటు పడితే?"
ఆట వాడికి నూటికి తొంభై రెండిచ్చింది.
నేను పదికి ఆరు.
నల్ల సీట్లు పెట్టాడు మరి!
మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, బందరు రోడ్డు.
ఆ సీటు మీద కూర్చున్నవాడు
లేచి పరిగెత్తడానికి ఇంజనెందుకు?

సుభానీది నిమ్మపండు రంగు.
ముందు గ్రిల్లు, వాళ్ల నానీ
కట్టుడుపళ్లు పెట్టుకుని నవ్వినట్టుంది.
తలుపు తియ్యరా అన్నాను.
"తెరుచుకోదు ఖాలా, అది గీత మాత్రమే."
గీత చక్కగా వచ్చినందుకు ఎనిమిది.
తలుపు లేనందుకు అరమార్కు కోత.

దుర్గాసాయి మాట్లాడడు.
వాడి బండి వికారంగా, గుమ్మమెక్కినంత ఎత్తులో ఉంది.
గుద్దుడు పరీక్షలో అప్పడమైంది.
ఆట పందొమ్మిదిచ్చింది, మిగతా ఇద్దరూ పడీపడీ నవ్వారు.
"ఎందుకురా ఇంత ఎత్తు?"
"మా ఇల్లు సింగ్ నగర్" అన్నాడు. అంతే.

బుడమేరు వచ్చిన నెల
నేను విప్పిన సీట్లు నూట పదిహేను.
పిండితే బురద. ఎండేస్తే బురద వాసన.
ఒక సీటు సందులో అట్లకాడ దొరికింది.
కార్లోకి అట్లకాడ ఎలా వచ్చిందో
ఇప్పటికీ కుట్టు మధ్యలో గుర్తొస్తుంది.

ఎనిమిదిన్నర, అన్నాను.
హనోకు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

మొన్న పరీక్షలని వాళ్లు రాలేదు.
గది తాళం నా దగ్గరే ఉంటుంది.
మౌసు నా మాట వినేసరికి
ఇషా నమాజు కూడా అయిపోయింది.
సంవత్సరం అడిగింది: తొంభై ఒకటి,
నేను దారాలు తెంచే పనికి చేరిన ఏడు.
ఇంజను అదేదో ఇస్తే ఉంచేశాను.
వెనక సీటు దగ్గర మాత్రం
కాళ్లు చాపుకోడానికి నాలుగంగుళాలు పెంచాను.
పేరు పెట్టమంది.
'జరుగు' అని కొట్టాను.

ఎవరిదో చెప్పకుండా చూపించాను.
"ఎవడ్రా చేసింది? అరవై దాటితే వణుకుతోంది" హనోకు.
"ఒక కన్ను పైకుంది, ఒకటి కిందకుంది" సుభానీ.
దుర్గాసాయి తెర మీద వేలు పెట్టి
వెనక మనుషుల్ని లెక్కపెట్టాడు.
ముందుకొచ్చి ఆగాడు.
"ఇందులో డ్రైవరు పట్టడు" అన్నాడు.

నిజమే.
వెనక పెంచిన జాగా ముందునుంచే తీసుకుంది ఆ ఆట.
నేను చూసుకోలేదు.
ముగ్గురూ గుసగుసలాడి, అయిదు అన్నారు.
డ్రైవరు సంగతి మర్చిపోయినందుకు అరమార్కు కోత.
నా దగ్గర నేర్చిన కోతే,
ఏమంటాను?

ఇవాళ పొద్దున నూజివీడు మామిడికాయల లారీ వచ్చింది,
డ్రైవరు సీటు చిరిగిందని.
కొత్తది కుట్టి బిగించాను.
డ్రైవరు టీకి పోయాడు.
అటూ ఇటూ చూసి, ఎక్కి కూర్చున్నాను.
స్టీరింగు చేతికందింది.
కాలికీ బ్రేకుకీ మధ్య
టేపు పెట్టి కొలిచాను.
నాలుగంగుళాలు.